పిల్లి గీరడం వేరు, పిల్లి రక్కడం వేరు



పోడు పట్టాలు, స్కాలర్‌షిప్పులు, డీఎస్సీ గురించి మాట్లాడుకునే చోట పిల్లి గురించి ఇంత పెద్ద పోస్టా అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి. మన హాస్టళ్లలో చిన్నపిల్లల్ని పిల్లి రక్కడం మనందరం చూసిందే. అప్పుడు వినపడే మాటలు కూడా తెలిసినవే. "పిల్లే కదా, ఏం కాదులే" అని ఒకరు. "పసుపు అద్దు, తగ్గిపోద్ది" అని ఇంకొకరు. "దానికి పొగరెక్కింది, సంచిలో కట్టి వాగు అవతల వదిలేసి రండి" అని మరొకరు. మొదటి రెండు మాటలు పిల్లల ప్రాణం మీదికి తేవచ్చు. మూడో మాట పిల్లి ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లి అసలు ఎందుకు రక్కుతుందో తెలిస్తే ఈ మూడూ అనాల్సిన పని ఉండదు.

నేను పశువైద్య డిప్లొమా రెండో ఏడు చదువుతున్నా. మాది గోదావరి పక్క ఏజెన్సీలో కోయ గూడెం. ఇక్కడ రాసేదాంట్లో సగం క్లాసులో నేర్చుకున్నది, సగం మా ఇంట్లో, గూడెంలో చూసింది.

మన ఇళ్లకి పిల్లి ఎందుకొచ్చింది

మా ఇంట్లో పిల్లి లేని ఏడాది నాకు గుర్తు లేదు. దాన్ని ఎవరూ కొని తేలేదు. దానికి వేరే గిన్నె లేదు, పేరు కూడా లేదు. వెదురు గుమ్మిలో వడ్లు, అటక మీద జొన్న కంకులు, పొయ్యి పైన పొగ తగిలేలా వేలాడదీసిన విత్తనాలు. వీటి కోసం ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పిల్లి వస్తుంది. ఎలుక వడ్లు తింటే ఒక పూట కూడు పోతుంది. విత్తనం తింటే ఏడాది పంట పోతుంది. విజ్జ పండుం నాటికి చేతిలో విత్తనం మిగలాలంటే ఇంట్లో పిల్లి తిరగాల్సిందే. అందుకే మా అమ్మ పిల్లి మీద ఎవర్నీ చెయ్యి ఎత్తనిచ్చేది కాదు.

ప్రపంచం మొత్తం మీద పిల్లి మనిషి దగ్గరికి వచ్చింది ఇలాగే. ఇప్పుడు మన ఇళ్లలో తిరిగే పిల్లులన్నీ ఆఫ్రికా అడవి పిల్లి అనే జాతి నుంచి వచ్చాయి. సుమారు 10,000 ఏళ్ల కింద పశ్చిమాసియాలో మనుషులు ధాన్యం పండించి దాచుకోవడం మొదలుపెట్టాక, ఆ ధాన్యానికి ఎలుకలు చేరాయి, ఎలుకల వెంట అడవి పిల్లి ఊరి అంచుకి వచ్చింది. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ల నాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పూడ్చిపెట్టి ఉండడం తవ్వకాల్లో బయటపడింది. అంటే అప్పటికే చుట్టరికం కుదిరిందన్నమాట.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఎద్దుని మనిషి నాగలికి కట్టాడు. కుక్కకి వేట నేర్పాడు. తనకి నచ్చిన గుణాల కోసం తరతరాలుగా వాటిని ఎంచుకుంటూ పెంచాడు. పిల్లిని అలా పెద్దగా మార్చలేదు. ఎలుకలు పడితే చాలనుకున్నాడు. అందుకే ఇంటి పిల్లి ఒంట్లో అడవి ఇంకా చాలా మిగిలి ఉంది. దాని గోళ్ల గురించి తెలుసుకోవాలంటే ముందు ఈ మాట గుర్తుండాలి.

గీరడం అంటే ఏంటి

మా ఇంటి గుమ్మం పక్కన ఒక టేకు గుంజ ఉంది. దాని మీద మోకాలి ఎత్తులో నిలువు గీతలు. మా ఇంటికి వచ్చిన పిల్లులన్నీ అక్కడే గీరాయి. ముందు కాళ్లు పైకి చాపి, వీపు వంచి, బర్రుమని కిందికి లాగుతాయి. "గోళ్లు నూరుకుంటోంది" అంటారు మనవాళ్లు. ఆ మాట దాదాపు సరైనదే, కానీ అది సగం మాటే.

పిల్లి గోరు మన గోరులాంటిది కాదు. ఉల్లిపాయ పొరల్లాగా పైన పాత పొర, లోపల కొత్త పొర ఉంటాయి. గరుకు చెక్క మీద గీరితే పాత పొర ఊడిపోయి కింద పదునైన కొత్త మొన బయటికొస్తుంది. మీ ఇంట్లో పిల్లి గీరే గుంజ కింద వెతికి చూడండి. కొడవలి ఆకారంలో పల్చటి బోలు పెంకులు దొరుకుతాయి. చూసినవాళ్లు గోరు విరిగిందనుకుంటారు. విరగలేదు, పాము కుబుసం విడిచినట్టు గోరు పొర విడిచింది.

రెండోది, ఒళ్లు విరుచుకోవడం. నిద్ర లేవగానే పిల్లి మొదట గీరుతుంది. అప్పుడు భుజాలు, వీపు, కాళ్ల కండరాలన్నీ సాగుతాయి. పడుకున్న చోటికి దగ్గర్లోనే గీరే చోటు ఉండేది అందుకే.

మూడోది అన్నిటికన్నా పెద్ద విషయం. పిల్లి వేళ్ల మధ్య వాసన గ్రంథులున్నాయి. గీరినప్పుడు ఆ వాసన చెక్కకి అంటుకుంటుంది. మన ముక్కుకి తెలియదు, ఇంకో పిల్లికి తెలుస్తుంది. కంటికి గీత, ముక్కుకి వాసన, రెండూ కలిపి "ఇది నేను తిరిగే చోటు" అని చెప్పే గుర్తు. అందుకే పిల్లి మూలన దాక్కుని గీరదు. గుమ్మం దగ్గర, దారి పక్కన, అందరికీ కనపడే చోట గీరుతుంది. సరిహద్దు రాయి నాటేవాళ్లు పొదలో నాటరు కదా.

ఇది మన పెద్దవాళ్లకి కొత్త సంగతి కాదు. పులికీ పిల్లికీ చుట్టరికం చెప్పే కథ మీరందరూ వినే ఉంటారు. పిల్లి పులికి అన్ని విద్యలూ నేర్పిందట, చెట్టెక్కడం ఒక్కటి మాత్రం నేర్పకుండా దాచుకుందట. కథ సంగతి ఎలా ఉన్నా, పులి కూడా చెట్టు మొదలు మీద ఇలాగే నిలబడి గీరుతుంది. మా తాత తునికాకుకి వెళ్లినప్పుడు అలాంటి చెట్టు కనపడితే ఆగి చూసేవాడు. గీత ఎంత ఎత్తులో ఉంది, జిగురు ఇంకా తడిగా ఉందా, ఎండి నల్లబడిందా అని వేలితో తాకి చూసేవాడు. ఎలుగుబంటి తేనె కోసం చెట్టెక్కితే పడే గుర్తులు వేరేలా ఉంటాయని చూపించేవాడు. నేల మీద అడుగు చూసి కూడా చెప్పేవాడు. కుక్క, నక్క అడుగులో గోరు మొన పడుతుంది, పులి అడుగులో పడదు, గోరు లోపల దాచుకుని నడుస్తుంది అని.

ఇప్పుడు దేశంలో నాలుగేళ్లకోసారి పులుల లెక్క తీస్తారు. 2006 నుంచి ఇప్పుడున్న పద్ధతిలో జరుగుతోంది. కెమెరాలు కట్టక ముందు మనుషులు అడవిలో నడిచి అడుగులు, పెంట, చెట్ల మీద గోళ్ల గీతలు రాసుకుంటారు. నల్లమలలో ఫారెస్టు బేస్‌క్యాంపుల్లో చెంచు సోదరులు పనిచేస్తున్నారు. వాళ్లకి అడవిని చదవడం డిగ్రీతో రాలేదు. తాతల నుంచి వచ్చింది. నేను చెప్పొచ్చేది ఏంటంటే, చెట్టు మీద పులి గీతని చదవగలిగిన జాతి మనది. ఇంటి గుంజ మీద పిల్లి గీతని చూసి "పొగరు" అనడం మనకి తగదు.

మరి గీరడం ఆపాలంటే? ఆపలేం. ఆపకూడదు కూడా. చోటు మాత్రం మార్చొచ్చు. హాస్టల్లో తలుపు, బెంచీ, బియ్యం బస్తా గీరుతుంటే దాని పక్కనే బెరడు ఉన్న మొద్దు ఒకటి నిలబెట్టండి. లేదా ఒక కొయ్యకి కొబ్బరి తాడు గట్టిగా చుట్టండి. మూడు గుర్తుంచుకోండి. కదలకూడదు, ఒకసారి ఊగితే పిల్లి మళ్లీ దాని దగ్గరికి రాదు. పిల్లి ఒళ్లు మొత్తం చాపేంత ఎత్తు ఉండాలి, అంటే మూడడుగులు. మూలన పెట్టకూడదు, పిల్లి ఇప్పుడు గీరుతున్న చోటి పక్కనే పెట్టాలి. కొన్ని పిల్లులు నేల మీద గీరతాయి, వాటికి పాత గోనెసంచి పరిస్తే చాలు. పైసా ఖర్చు లేదు.

రక్కడం అంటే ఏంటి

ఇప్పుడు అసలు విషయం. చెక్కని గీరడం రోజూ చేసే పని. మనిషిని రక్కడం అలా కాదు. దానికి ప్రతిసారీ ఒక కారణం ఉంటుంది.

క్లాసులో పిల్లి కాలు ఎలా పనిచేస్తుందో చెప్పినప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. పిల్లి గోళ్లు మామూలుగా లోపలే ఉంటాయి. సాగే గుణమున్న నరాల్లాంటి పట్టీలు వాటిని లోపలికి లాగి పట్టుకుని ఉంటాయి. లోపల ఉంచడానికి పిల్లి కష్టపడక్కర్లేదు. బయటికి తీయడానికే కండరం బిగించాలి. ముందు కాళ్లకి ఐదేసి, వెనక కాళ్లకి నాలుగేసి, మొత్తం 18 గోళ్లు. అవి బయటికొచ్చాయంటే పిల్లికి ఏదో అవసరం పడిందన్నమాట. ఆ అవసరాలు ఇవి.

ఒకటి, భయం. ఇది అన్నిటికన్నా ఎక్కువ. పిల్లి పెద్ద జంతువులకి ఆహారమయ్యే చిన్న జంతువు. మొదట పారిపోవాలనే చూస్తుంది. దారి లేకపోతేనే తిరగబడుతుంది. "పిల్లినైనా గదిలో వేసి కొడితే పులవుతుంది" అన్న మన సామెత పుస్తకాల్లో రాసిందాని కన్నా బాగా చెప్తుంది. పదిమంది పిల్లలు చుట్టూ మూగి ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటుంటే, వాళ్లకి అది ఆట, పిల్లికి మాత్రం తలుపులు మూసిన గది.

రెండు, ఆట. పిల్లి కూనలు ఒకదాన్నొకటి రక్కుకుంటూ, కొరుక్కుంటూ పెరుగుతాయి. గట్టిగా కొరికితే అవతలిది అరిచి ఆట మానేస్తుంది. ఎంత గట్టిగా పట్టాలో అలా నేర్చుకుంటాయి. ఎనిమిది వారాలు నిండకముందే తల్లి నుంచి విడదీసి తెచ్చిన కూనకి ఈ చదువు సగంలో ఆగిపోతుంది. పైగా మనం వేళ్లు ఆడించి "పట్టు, పట్టు" అని ఆడిస్తాం. కూనగా ఉన్నప్పుడు ముద్దుగా ఉంటుంది. పెద్దయ్యాక కూడా దానికి మన చెయ్యి అంటే ఎలుకే. ఆడించాలంటే దారానికి గుడ్డ ముక్కో, కోడి ఈకో కట్టి ఆడించండి. చేతిని మాత్రం ఆటబొమ్మ చెయ్యకండి.

మూడు, ఎక్కువసేపు నిమరడం. "ఇప్పటిదాకా ఒళ్లో హాయిగా పడుకుంది, ఉన్నట్టుండి రక్కింది" అంటారు. ఉన్నట్టుండి కాదు. అది ముందే చెప్పింది. తోక కొస కొట్టుకోవడం మొదలైంది. చెవులు పక్కకి తిరిగాయి. వీపు మీద చర్మం అలలాగా కదిలింది. గురగుర ఆగింది. కంటిపాప పెద్దదైంది. తల తిప్పి నిమిరే చేతి వైపు చూసింది. ఇన్ని మాటలు చెప్పినా వినకపోతే చివరి మాటగా గోరు వేస్తుంది. ఇంకో సంగతి, పిల్లి వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తే "నిమురు" అని అర్థం కాదు. "నువ్వంటే నాకు భయం లేదు" అని మాత్రమే. పొట్ట మీద చెయ్యి వేస్తే నాలుగు కాళ్లతో పట్టేసుకుంటుంది. తల మీద, చెంపల దగ్గర, గదవ కింద కాసేపు నిమిరి ఆపేయండి. ఇంకా కావాలనుకుంటే అదే వచ్చి తల రాస్తుంది.

నాలుగు, కోపం ఒకరి మీద, గోరు ఇంకొకరి మీద. కిటికీలోంచి కుక్కనో, ఇంకో పిల్లినో చూసి ఒళ్లంతా రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నప్పుడు మనం ఎత్తుకుంటే మనకే తగులుతుంది. అలాంటప్పుడు దూరంగా ఉండి, తలుపు మూసి, చల్లబడనివ్వాలి.

ఐదు, నొప్పి. మెత్తగా ఉండే పిల్లి ఉన్నట్టుండి ముట్టుకోనివ్వకపోతే ఎక్కడో దెబ్బ తగిలి ఉండొచ్చు, చీము పట్టి ఉండొచ్చు. అది నొప్పి చెప్పుకునే తీరు అంతే.

ఆరు, తల్లి కావడం. దీనికో ఉదాహరణ చెప్తా.

మా చెల్లి చదివే హాస్టల్లో గత ఏడాది ఐదో తరగతి పాపని పిల్లి రక్కింది. స్టోర్ రూమ్‌లో బియ్యం బస్తాల వెనక పడిన బంతి తీయడానికి చెయ్యి పెట్టింది పాప. ముంజేతి మీద మూడు గీతలు, రక్తం వచ్చింది. పక్క బాలుర హాస్టల్లో పెద్ద తరగతి అబ్బాయిలు గోనెసంచి తెచ్చారు. అప్పుడు వంట చేసే పెద్దమ్మ అడ్డం పడింది. బస్తాల వెనక చూడమంది. కళ్లు ఇంకా సరిగ్గా తెరవని నాలుగు కూనలున్నాయి.

ఆ పిల్లి ఏం తప్పు చేసింది? చీకట్లో ఒక చెయ్యి తన పిల్లల మీదికి వచ్చింది. మన అడవిలో పిల్లలతో ఉన్న ఎలుగుబంటి ఎదురైతే ఎవరిది తప్పంటాం? దారి మార్చుకుని వెళ్తాం. అంతే. ఆ రోజు సంచి కట్టి ఉంటే తల్లి వాగు అవతల, కూనలు ఇక్కడ. రెండు రోజుల్లో నాలుగూ చచ్చేవి. ఆ తర్వాత స్టోర్‌లో ఎలుకలదే రాజ్యం. పెద్దమ్మ చెప్పినట్టు స్టోర్ తలుపుకి మూడు వారాలు గొళ్లెం పెట్టారు, పిల్లలెవరూ లోపలికి పోకుండా. కూనలు నడక నేర్చాక తల్లే వాటిని బయటికి తెచ్చింది.

రెండో వారం నుంచి ఏడో వారం లోపు కూనల్ని రోజూ కాసేపు మెల్లగా చేత్తో తాకుతూ ఉంటే అవి పెద్దయ్యాక మనుషులంటే బెదరవు. తల్లి ఒప్పుకుంటేనే సుమా, తల్లి గుర్రుమంటే వెనక్కి రావాలి. ఆ వయసులో మనిషి చెయ్యి ఎరగని పిల్లి తర్వాత ఎంత అన్నం పెట్టినా కాస్త దూరంగానే ఉంటుంది. అది దాని స్వభావం, విశ్వాసం లేకపోవడం కాదు.

చెయ్యకూడనివి

కొట్టొద్దు. పిల్లికి "నేను రక్కాను కాబట్టి కొట్టారు" అని అర్థం కాదు. "ఈ మనిషి వస్తే దెబ్బ పడుతుంది" అని మాత్రం అర్థమవుతుంది. రేపు చెయ్యి కనపడగానే ముందే గోరు తీస్తుంది.

బ్లేడుతో గోళ్లు కోయొద్దు. గోరు మొదట్లో రక్తనాళం, నరం ఉంటాయి. తెగితే రక్తం కారుతుంది, నొప్పి. పట్నంలో ఇంట్లోనే ఉండే పిల్లికి గోరు కొస మాత్రం కత్తిరిస్తారు, అది వేరు. మన గూడెంలో, హాస్టల్లో తిరిగే పిల్లికి గోళ్లే తిండి, గోళ్లే ప్రాణం. కుక్క తరిమితే చెట్టెక్కాలి. కొన్ని దేశాల్లో గోళ్లు శాశ్వతంగా తీసేసే ఆపరేషన్ ఉండేది. పేరుకి గోరు తీయడం, నిజానికి ప్రతి వేలి చివరి ఎముకని కోసేయడం. అందుకే చాలా దేశాలు దాన్ని నిషేధించాయి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 2019లో నిషేధించింది.

రక్కితే వెంటనే ఏం చెయ్యాలి

మిగతాది మర్చిపోయినా ఇది మర్చిపోకండి.

రేబిస్ కుక్క వల్లే వస్తుందని చాలామంది నమ్మకం. మన దేశంలో ఎక్కువగా కుక్క వల్లే, నిజం. కానీ రేబిస్ ఉన్న కుక్కో నక్కో కరిచిన పిల్లికి కూడా వస్తుంది, దాన్నుంచి మనిషికి వస్తుంది. పిల్లి అస్తమానం కాళ్లు నాక్కుంటుంది. ఎంగిలి గోళ్లకి ఉంటుంది. కాబట్టి రక్కినా లెక్కే. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి మందు లేదు, మనిషి దాదాపు ఖాయంగా చనిపోతాడు. బయటపడక ముందు టీకా వేస్తే ఖాయంగా బతుకుతాడనేంత బాగా పనిచేస్తుంది. తేడా మొత్తం మనం ఎంత తొందరగా కదిలామన్న దాంట్లో ఉంది.

మొదట కడగాలి. ధారగా పడే నీళ్ల కింద, సబ్బుతో, 15 నిమిషాలు. ఏ సబ్బైనా సరే, బట్టల సబ్బైనా సరే. 15 నిమిషాలు అంటే చాలా సేపు, చెయ్యి నొప్పి పుడుతుంది, అయినా కడగాలి. రేబిస్ క్రిమి పైన ఒక కొవ్వు పొర ఉంటుంది. సబ్బు దాన్ని కరిగించేస్తుంది.

తర్వాత పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, నూనె, ఆకు పసరు, ఏదీ పెట్టొద్దు. కట్టు కట్టొద్దు.

అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. చర్మం మీద గీత పడి రక్తం రాకపోయినా టీకా వేయించుకోవాలి. రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంకో ఇంజెక్షన్ కూడా వెయ్యాలి. అది చిన్న ఆసుపత్రిలో లేకపోతే పెద్దాసుపత్రికి రాసిమ్మని అడగాలి. టీటీ గురించి కూడా అడగండి. ఒకప్పటిలా బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు ఇప్పుడు లేవు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు. కండకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదుసార్లు. మొదటి టీకా వేసిన రోజే 0 రోజు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

"పిల్లిని పది రోజులు చూసి, చస్తే అప్పుడు వేయించుకుందాం" అంటారు. తప్పు. టీకా మొదలుపెట్టి పిల్లిని చూడాలి. ఆ పది రోజులు చూడాలన్నా పిల్లి మన కళ్ల ముందు ఉండాలి కదా. సంచిలో కట్టి వాగు అవతల వదిలితే దాన్ని ఎవరు చూస్తారు? అందుకే రక్కిన పిల్లిని తరిమేయడం పిల్లికే కాదు, మనకీ నష్టం.

పసరు గురించి ఒక మాట. మన వెజ్జులంటే నాకు గౌరవం. మా ఇంట్లో కూడా చాలావాటికి ఆకే మందు. కానీ దీనికి పసరు పనిచేసినట్టు ఎందుకు కనపడుతుందో ఆలోచించండి. రక్కిన పిల్లుల్లో చాలావాటికి రేబిస్ ఉండదు. అలాంటప్పుడు పసరు పెట్టినా, బూడిద పెట్టినా, ఏం పెట్టకపోయినా మనిషికి ఏం కాదు. పేరు మాత్రం పసరుకి వస్తుంది. నిజంగా రేబిస్ ఉన్న పిల్లి రక్కినప్పుడు పసరు ఆపలేదు. పైగా ఆ జబ్బు వారంలో రావచ్చు, మామూలుగా రెండు మూడు నెలలకి వస్తుంది, ఏడాదికి కూడా రావచ్చు. అప్పటికి పిల్లి రక్కిన సంగతే ఎవరికీ గుర్తుండదు. పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకండి. "తాతా, నీ పూజ నువ్వు చెయ్యి, ఇంజెక్షన్ కూడా వేయిద్దాం, గాయానికి మాత్రం ఏం రాయొద్దు" అంటే చాలామంది ఒప్పుకుంటారు.

ఇంకో చిన్న జబ్బు కూడా ఉంది. కూనలు రక్కిన తర్వాత వారం రెండు వారాలకి చంకలో, మెడ దగ్గర బిళ్లలు కట్టి జ్వరం వస్తుంది. పిల్లి ఒంటి మీద గోమార్ల ద్వారా పిల్లులకి అంటే ఒక బాక్టీరియా వల్ల. మామూలుగా తగ్గిపోతుంది, కానీ బిళ్లలు కడితే పిల్లి రక్కిందని డాక్టరుకి చెప్పండి. చెప్పకపోతే వాళ్లకి తట్టదు.

ఆ ఐదో తరగతి పాప సంగతికి వస్తే, ఆ రోజే సబ్బుతో కడిగారు, ఏఎన్ఎం అక్క వెంట వెళ్లి ఆసుపత్రిలో ఇంజెక్షన్లు వేయించింది. 3, 7 రోజులవి కూడా అయిపోయాయి. 28వ రోజు వచ్చేసరికి దసరా సెలవులు. పాప గూడెం వెళ్లిపోయింది. మన పిల్లల విషయంలో టీకా తప్పేది ఇక్కడే. మొదటి రోజు అందరికీ భయం ఉంటుంది, ఆఖరి రోజు ఎవరికీ గుర్తుండదు. వార్డెన్ మేడమ్ ముందే చీటీ మీద తేదీ పెద్దగా రాసి, పాప వాళ్ల నాన్నకి ఫోన్ చేసి చెప్పారు. ఆయన ఆ చీటీ పట్టుకుని తమ గూడేనికి దగ్గర ఉన్న ఆసుపత్రిలో వేయించాడు. మొదలుపెట్టిన చోటే పూర్తి చెయ్యాలని లేదు. చీటీ ఉంటే చాలు.

పిల్లికి కూడా టీకా ఉంది. మూడు నెలలు నిండాక పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించొచ్చు, తర్వాత డాక్టర్ చెప్పినప్పుడల్లా మళ్లీ. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ కుక్క కరిచిన ఒక పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేశాడు. ఆ రోజు గుర్తుగానే ఏటా జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినం జరుపుతారు, మన పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా టీకాలు వేస్తారు. అందరూ కుక్కల్ని తీసుకెళ్తారు. మీరు పిల్లిని కూడా సంచిలో పెట్టుకుని వెళ్లండి. ఆ ఒక్క రోజుకి మాత్రం సంచి వాడొచ్చు, గాలి ఆడేలా చూసుకుని.

హాస్టళ్లలో ఉండే అన్నలకి, అక్కలకి నా మనవి చిన్నదే. కుళాయి దగ్గర ఒక సబ్బు ఎప్పుడూ ఉండేలా చూడండి. గుమ్మం పక్కన తాడు చుట్టిన మొద్దు ఒకటి నాటండి. చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి పిల్లి తోక, చెవులు ఎలా చదవాలో ఒక ఆదివారం చెప్పండి. పిల్లి రక్కితే దాచుకోకుండా వచ్చి చెప్పమనండి, తిట్టరని మాట ఇవ్వండి. తిడతారనే భయంతోనే పిల్లలు చెప్పరు. రక్కినవాళ్ల తేదీలు గోడ మీద క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టండి, 28వ రోజుతో సహా.

మీ గూడెంలో పులి గీతల్ని, ఎలుగు గుర్తుల్ని చదవగల పెద్దవాళ్లు ఇంకా ఉంటే, ఈ సెలవుల్లో వాళ్ల పక్కన కూర్చుని అడిగి తెలుసుకోండి. తెలుసుకున్నది ఇక్కడ రాయండి, అందరం చదువుకుందాం.

జై ఆదివాసీ.